ఎం.బి.ఎ. చదువుకు పొలం కాగితం దేనికి?

ఎం.బి.ఎ. సీటు వచ్చిందన్న కబురు, కాల్వకు నీళ్లు వదిలారన్న కబురు కృష్ణా డెల్టాలో ఇంచుమించు ఒకేసారి వస్తాయి. సార్వాకు నారుమళ్లు పోసే వేళ అది. విత్తనాలకు, దమ్ముకు, ఎరువుకు రైతు డబ్బు సర్దుకునే వేళ. సంక్రాంతి ముందు అమ్మిన ధాన్యం డబ్బు అప్పటికి ఏనాడో ఖర్చయిపోయి ఉంటుంది. మినుము మీద వచ్చింది పాత బాకీలకు పోయి ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఫలానా తేదీలోగా ఫీజు కట్టి సీటు ఖాయం చేసుకోవాలని కాలేజీ నుంచి ఫోను వస్తుంది. ఇక కనబడేది ఊళ్లో వడ్డీకిచ్చే ఆసామి ఒక్కరే. నూటికి రెండు రూపాయల వడ్డీ, ఒక ప్రామిసరీ నోటు, ఇద్దరు సాక్షులు. నమ్మకం చాలకపోతే పొలం కాగితం కూడా ఆయన బీరువాలోకి వెళుతుంది.

ఈ అప్పు చేయనవసరం లేని కుటుంబాలు కూడా ఈ అప్పులో దిగుతున్నాయన్నదే విచారకరమైన సంగతి. డిగ్రీ అయిన పిల్లను పై చదువుకు పంపాలనుకునే తండ్రికి, ఆ చదువుకు డబ్బు ఎక్కడెక్కడ ఉందో, దాన్ని ఏ వరుసలో అడగాలో చెప్పే నాథుడు ఊళ్లో లేడు. చెప్పవలసిన బ్యాంకు చెప్పదు. కాలేజీకి ఫీజు వస్తే చాలు, అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది దానికి పట్టదు.

ఒక లెక్క చూద్దాం. ఉయ్యూరు పరిసరాల్లో ఎకరంన్నర సొంతం, మరో మూడెకరాలు కౌలు చేసుకునే రైతు ఒకాయన ఉన్నాడనుకుందాం. ఆయన కూతురు బి.కాం. పాసయి, ఎం.బి.ఎ.లో చేరింది. రెండేళ్లకు ఫీజు, హాస్టలు, పుస్తకాలు, బస్సు ఖర్చు అన్నీ కలిపి మూడు లక్షలు కావాలి. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. రెండేళ్ల చదువు, ఉద్యోగం వెతుక్కునే మరో ఏడాది కలిపితే మూడేళ్లకు వడ్డీయే 2 లక్షల 16 వేలు. ఇది బారువడ్డీ లెక్క. ఏటా నోటు తిరగరాస్తే ఇంకా పెరుగుతుంది. ఇంత కట్టినా అసలు మూడు లక్షలు చెక్కుచెదరదు.

అదే మూడు లక్షలు బ్యాంకులో చదువు అప్పుగా తీసుకుంటే? వడ్డీ నూటికి ఏడాదికి పది అనుకుంటే, మొత్తం మొదటి రోజే తీసుకున్నా మూడేళ్ల వడ్డీ 90 వేలు. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షలు మించకపోతే ఆ 90 వేలు కూడా రైతు కట్టనక్కరలేదు, కేంద్ర ప్రభుత్వం కడుతుంది. చదువు పూర్తయి ఏడాది గడిచాక కిస్తీలు మొదలవుతాయి. పదేళ్ల గడువు పెట్టుకుంటే నెలకు సుమారు 3,965 రూపాయలు. అంటే ఆసామికి నెలనెలా ఒట్టి వడ్డీగా పోసే 6 వేలలో మూడింట రెండు వంతులతో ఇక్కడ అసలూ వడ్డీ రెండూ తీరిపోతాయి. ఇంత తేడా ఉన్నప్పుడు జనం ఆసామి గడపే ఎందుకు తొక్కుతున్నారన్నది ఆలోచించవలసిన విషయం.

బ్యాంకు గడప దగ్గర

కారణం అందరికీ తెలిసిందే. బ్యాంకులో అడిగే మొదటి మాట, “పొలం కాగితాలు తెచ్చారా?” అని. “కౌలు చేసుకునేవాణ్ని బాబూ, నాకు కాగితాలెక్కడివి?” అంటే, “అయితే కష్టమండీ, పై వారం మేనేజరు గారొచ్చాక కనబడండి” అని జవాబు. పై వారం మేనేజరు గారు మీటింగులో ఉంటారు. ఆ పై వారం ఫీజు గడువు దాటుతుంది. తనఖా పెట్టడానికి ఏమీ లేనివాడు ఇక రెండోసారి ఆ మెట్లెక్కడు.

కానీ నిబంధన చూస్తే వేరుగా ఉంది. నాలుగు లక్షల వరకు చదువు అప్పుకు ఏ ఆస్తీ తనఖా అడగరాదని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. తల్లో తండ్రో జతగా సంతకం పెడితే చాలు. అంతవరకు సొంత వాటా కూడా పెట్టుకోనవసరం లేదు. 2015లో చదువు అప్పుల కోసం కేంద్రం ప్రత్యేకంగా ఒక గ్యారంటీ నిధి పెట్టింది. ఏడున్నర లక్షల వరకు ఇచ్చిన అప్పు ఎగ్గొట్టినా, అందులో 75 శాతం ఆ నిధి బ్యాంకుకు భరిస్తుంది. ఆ నిధి కిందకు వచ్చే అప్పుకు తనఖా గానీ మూడో మనిషి పూచీ గానీ అడగరాదు. ఫీజుకే కాదు, హాస్టలుకు, పుస్తకాలకు, పరీక్ష ఫీజుకు, అవసరమైతే కంప్యూటరుకు కూడా ఈ అప్పులో చోటుంది.

ఇంకో మాట తరచు వినబడుతుంది. “మీ ఊరు మా శాఖ పరిధిలోకి రాదు” అని. ఆ సాకుతో చదువు అప్పు దరఖాస్తు తోసిపుచ్చరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. బ్యాంకుల సంఘం తయారు చేసిన నమూనా పథకం ప్రకారమైతే, పై అధికారి అంగీకారం లేకుండా శాఖ మేనేజరు ఒక్కడే దరఖాస్తును తిరస్కరించడానికి వీల్లేదు. నెలలోగా ఏదో ఒకటి తేల్చాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. కౌంటరు దగ్గర మాత్రం నోటిమాటతో తిప్పి పంపుతారు. నోటిమాటకు సాక్ష్యం ఉండదు కాబట్టి పైవాళ్ల లెక్కల్లో ఆ దరఖాస్తు రానట్టే, తిరస్కరించనట్టే.

అందుకే చేయవలసింది ఒకటుంది. దరఖాస్తు చేతికిచ్చి తిరిగి రావడం కాకుండా, 2015లో కేంద్రం మొదలుపెట్టిన విద్యాలక్ష్మి పోర్టల్‌లో నమోదు చేసి ఆ నంబరు దగ్గర పెట్టుకోవాలి. ఇవ్వమంటే ఎందుకివ్వరో రాసిమ్మని అడగాలి. రాసిమ్మన్న మాట వినగానే సగం అభ్యంతరాలు కరిగిపోతాయని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. అప్పటికీ కాకపోతే జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరు ఉన్నారు, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. వీటికి వకీలు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు.

బాకీల చరిత్ర సంగతి కూడా చెప్పుకోవాలి. పాత అప్పుల తాలూకు స్కోరు తక్కువగా ఉందని విద్యార్థికి చదువు అప్పు నిరాకరించడం తగదని కేరళ హైకోర్టు 2023లో ఒక కేసులో చెప్పింది. కేరళ తీర్పు ఇక్కడి బ్యాంకును కట్టిపడేయదు. అయినా అడిగేవాడి చేతిలో అదొక ఆధారం. తండ్రి పంట రుణం బాకీ పడితే ఆ మచ్చ కూతురి చదువు మీద పడడం డెల్టాలో కొత్త కాదు. ఏ తుఫానుకో పంట మునిగి బాకీ పడ్డవాణ్ని, డబ్బుండి ఎగ్గొట్టినవాణ్ని ఒకే గాటన కట్టడం ఏం న్యాయమో బ్యాంకులే చెప్పాలి.

ఇక విడ్డూరమైన సంగతి. విశాఖలో 2015లో ఏర్పడిన ఐ.ఐ.ఎం.కి 2024లో గంభీరంలో సొంత ప్రాంగణం వచ్చింది. అలాంటి సంస్థల్లో రెండేళ్ల చదువుకు ఇరవై లక్షలకు అటూ ఇటూగా ఖర్చవుతుంది. అక్కడ సీటు వచ్చిందంటే స్టేట్ బ్యాంకు స్కాలర్ లోన్ పేరిట తనఖా లేకుండానే ఆ మొత్తం ఇస్తుంది. తక్కిన బ్యాంకులూ పోటీ పడతాయి. ఇరవై లక్షలకు లేని తనఖా మూడు లక్షలకు ఎందుకయ్యా అంటే, అక్కడి పిల్లవాడికి ఉద్యోగం ఖాయం, గుడివాడ కాలేజీ పిల్లకు ఖాయం కాదు అన్నది బ్యాంకు లోపల అనుకునే మాట. వ్యాపారం లెక్కన అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ భయం తీర్చడానికే కదా కేంద్రం గ్యారంటీ నిధి పెట్టింది! నష్టంలో ముప్పాతిక భాగం సర్కారు మోస్తానన్నాక కూడా కౌలురైతును పొలం కాగితం అడగడం మొండితనమే.

ఈ జిల్లాలో బ్యాంకు పుట్టిన కథ తెలిసినవారికి ఇది మరింత బాధ కలిగిస్తుంది. బందరులో వైద్యం చేసిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923 నవంబరులో లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో ఆంధ్రా బ్యాంకును ప్రారంభించారు. రైతూ చిన్న వర్తకుడూ వడ్డీ వ్యాపారి చేతిలో నలగకూడదన్నది ఆ తరం వారి తపన. అంతకుముందే 1915లో జిల్లా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనలోనూ ఆయన చెయ్యి ఉంది. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమయింది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారితే మారింది. ఆ శాఖలు, ఆ కౌంటర్లు ఇంకా బందరు నుంచి తిరువూరు దాకా ఉన్నాయి. వందేళ్ల కింద వడ్డీ వ్యాపారి నుంచి తప్పించడానికి తెరిచిన తలుపు దగ్గరి నుంచే రైతు మళ్లీ వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళుతున్నాడు.

సర్కారు ఇచ్చేది, తీసేసింది

అప్పు సంగతి అలా ఉంచితే, అసలు అప్పు లేకుండానే చదివించే దారి ఒకప్పుడు ఉండేది. 2008 ప్రాంతంలో వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చాక ఎం.బి.ఎ., ఎం.సి.ఎ. చదువులు కూలి వాళ్ల ఇళ్లలోకి కూడా వచ్చాయి. ఐసెట్ రాసి కన్వీనరు కోటాలో సీటు తెచ్చుకుంటే ఫీజు సర్కారే కట్టేది. విజయవాడ, మైలవరం, గుడ్లవల్లేరు, కానూరు కాలేజీ బస్సుల్లో దివిసీమ ఊళ్ల పిల్లలు కూడా ఎక్కారంటే అదే కారణం. ఆ పథకంలో లోపాలు లేవని కాదు. ఫీజు కోసమే పుట్టి, పాఠాలు చెప్పని కాలేజీలు కొన్ని వచ్చాయి. బకాయిలు ప్రతి ప్రభుత్వంలోనూ పేరుకుపోయాయి. బకాయి సర్కారుది, సర్టిఫికెట్లు ఆపేది మాత్రం పిల్లలవి.

2019 తర్వాత అదే పథకం విద్యా దీవెన అయింది, వసతి ఖర్చుకు డిగ్రీ ఆపై వారికి ఏడాదికి 20 వేల వసతి దీవెన కలిసింది, డబ్బు తల్లుల ఖాతాల్లో పడింది. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు, మాగాణి పదెకరాలు, మెట్ట ఇరవై అయిదెకరాలు మించకూడదని హద్దులు పెట్టారు. 2024లో ప్రభుత్వం మారాక డబ్బు కాలేజీల ఖాతాలకే వేయాలని నిర్ణయించారు. తల్లి ఖాతాయా, కాలేజీ ఖాతాయా అన్న దాని మీద జరిగినంత వాదన అసలు విషయం మీద జరగలేదు. అసలు విషయం జీఓ 77.

2020 డిసెంబరు 25న వచ్చిన ఆ ఉత్తర్వుతో, ప్రైవేటు కాలేజీల్లో చదివే పి.జి. విద్యార్థులకు ఫీజు, వసతి సాయం రెండూ ఆగిపోయాయి. విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ కాలేజీల్లో చదివేవారికి మాత్రం ఉంచారు. దీనికి సరిగ్గా రెండు రోజుల ముందు, డిసెంబరు 23న, కేంద్ర మంత్రివర్గం ఎస్సీ విద్యార్థుల పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పుల్లో నూటికి 60 తాను భరిస్తానని నిర్ణయించింది. కేంద్రం చెయ్యి సాచిన వారంలోనే రాష్ట్రం చెయ్యి ముడుచుకున్నదన్నమాట. ఆ జీఓ రద్దు చేస్తామని 2024 ఎన్నికల ముందు తెలుగుదేశం నాయకులు చెప్పారు. ఎన్నికల తర్వాత కూడా విద్యార్థి సంఘాలు ఆ మాట గుర్తుచేస్తూ రోడ్డెక్కుతూనే వచ్చాయి.

ప్రైవేటు కాలేజీల్లో దుబారా అరికట్టాలనుకోవడం తప్పు కాదు. అయితే పాఠం చెప్పని కాలేజీని మూయించడం మానేసి, అందులో చదివే పిల్ల ఫీజు ఆపడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్టుంది. విశ్వవిద్యాలయంలో చదువుకోమంటారా, ఆ సీట్లెన్ని? నాగార్జున, ఆంధ్ర వంటి విశ్వవిద్యాలయాల ఎం.బి.ఎ. సీట్లు ఐసెట్ పై ర్యాంకుల వారికే సరిపోతాయి. పై ర్యాంకులు ఎక్కువగా నగరంలో కోచింగు తీసుకున్నవారికి వస్తాయి. మోపిదేవి, కోడూరు వైపు నుంచి సొంతంగా చదివి రాసిన పిల్లకు వచ్చేది ప్రైవేటు కాలేజీ సీటే. పైగా ఆడపిల్లను ఇంటి నుంచి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే కాలేజీకైతే పంపుతారు గానీ దూరం పంపని ఇళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. ఆ ఇళ్లు మారాలని చెప్పడం సులువే. అవి మారేలోగా ఆ పిల్ల చదువు డిగ్రీతో ఆగిపోతుంది.

కాబట్టి ఈ ఏడు ఎం.బి.ఎ. అనుకునేవారు ముందు తేల్చుకోవలసింది ఏ కాలేజీ అన్నది కాదు, ఏ సీటు అన్నది. ఐసెట్ ఏటా వేసవిలో ఉంటుంది. 2024లో మే 6న, 2025లో మే 7న జరిగింది. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, తప్పు జవాబుకు మార్కు కోత లేదు. నూటికి 25 మార్కులొస్తే అర్హులే, ఎస్సీ ఎస్టీలకు ఆ హద్దు కూడా లేదు. ఇంత తేలికైన పరీక్షను రాయకుండా, “పరీక్షా గిరీక్షా ఎందుకండీ, సీటు నేనిప్పిస్తాగా” అనే మధ్యవర్తి మాట విని మేనేజ్‌మెంటు కోటాలో చేరినవారు కోరి నష్టపోతున్నారు. మేనేజ్‌మెంటు సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏ ప్రభుత్వంలోనూ లేదు. అలాంటి సీటని తెలిస్తే బ్యాంకూ వెనకాడుతుంది. మధ్యవర్తికి మాత్రం కమిషను ముడుతుంది. విశ్వవిద్యాలయంలోనే రెగ్యులర్ సీటు, సెల్ఫ్ ఫైనాన్సు సీటు అని రెండు రకాలుంటాయి. ఫీజులో తేడా చాలా ఉంటుంది కాబట్టి అలాట్‌మెంటు కాగితంలో ఏది రాసి ఉందో చదువుకుని మరీ సంతకం పెట్టాలి.

తహసీల్దారు ఆదాయ సర్టిఫికెట్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ సగం కథ దానిలోనే ఉంది. ఫీజు సాయానికి అదే కావాలి, బ్యాంకు వడ్డీ రాయితీకీ అదే కావాలి. సీటు వచ్చాక సచివాలయం చుట్టూ తిరగడం కంటే, ఐసెట్ హాల్ టికెట్ వచ్చిన నాడే దరఖాస్తు పెట్టుకుంటే నారుమళ్ల వేళ ఆ తిప్పలు తప్పుతాయి. వడ్డీ రాయితీకి ఇంకొన్ని మెలికలున్నాయి. కాలేజీకి న్యాక్ గానీ ఎన్.బి.ఎ. గానీ గుర్తింపు ఉండాలి. జీవితంలో ఒక్క చదువుకే ఇస్తారు. బి.టెక్.లో వాడుకున్నవారికి ఎం.బి.ఎ.లో రాదు. మధ్యలో చదువు మానేస్తే, అనారోగ్యం వంటి కారణం లేకపోతే, రాయితీ పోతుంది. శాఖలో గుమస్తా మారితే ఈ క్లెయిము పంపడం మరిచిపోయే ప్రమాదం ఉంది కనుక, ఏటా ఒకసారి వెళ్లి “మా అమ్మాయి వడ్డీ క్లెయిము పెట్టారా అండీ?” అని అడగడం మంచిది. కొన్ని బ్యాంకులు ఆడపిల్లల అప్పుకు వడ్డీ అర శాతం తగ్గిస్తాయి. అది కూడా అడిగితేనే చెబుతారు.

నాలుగున్నర లక్షలు దాటి ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 2024 నవంబరు నుంచి మరో దారి వచ్చింది. పి.ఎం. విద్యాలక్ష్మి పేరిట, దేశంలో ర్యాంకులున్న సంస్థల్లో మెరిట్ మీద చేరినవారికి తనఖా, పూచీ లేని అప్పు. పది లక్షల వరకు మూడు శాతం వడ్డీ రాయితీ. వేరే స్కాలర్‌షిప్పు తీసుకోనివారికే ఈ రాయితీ. జాబితాలో పేరున్న కాలేజీయా కాదా అన్నది చేరకముందు చూసుకోవాలి. ఊరి పక్క కాలేజీలు చాలావాటికి ఆ భాగ్యం లేదు.

ఎస్సీ కుటుంబాల పిల్లలు తెలుసుకోవలసింది వేరే ఉంది. ఐ.ఐ.ఎం.ల వంటి ఎంపిక చేసిన సంస్థల్లో సీటు తెచ్చుకుంటే కేంద్రం ‘టాప్ క్లాస్’ పథకం కింద ఫీజు మొత్తం భరిస్తుంది. దానికి ఆదాయ హద్దు ఎనిమిది లక్షలు. ఎస్టీలకు అదే తరహా పథకం ఆరు లక్షల హద్దుతో ఉంది. సంస్థకు ఇన్ని అని లెక్క ఉంటుంది కనుక అందరికీ రాకపోవచ్చు. కానీ నవంబరులో జరిగే క్యాట్ పరీక్ష రాయడానికే మన పిల్లలు జంకుతారు. ఇరవై లక్షల ఫీజు అనగానే “మనకెందుకులే” అనుకుని దరఖాస్తే పెట్టరు. ఆ ఇరవై లక్షల్లో ఒక్క రూపాయి కూడా కట్టనక్కరలేని పిల్లవాడు పెనమలూరులోనో పామర్రులోనో కూర్చుని, మేనేజ్‌మెంటు కోటాకు లక్షన్నర అప్పు పుడుతుందా అని వెతుక్కోవడం కంటే దురదృష్టం ఏముంటుంది?

అమెరికా, ఇంగ్లండు చదువుల మాట వేరు. అక్కడి ఎం.బి.ఎ. ఖర్చు ఊరి లెక్కలకు అందదు. రాష్ట్రంలో విదేశీ విద్య పథకాలు ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు, హద్దు మార్చుకున్నాయి. 2022లో ప్రపంచంలోని మొదటి 200 విశ్వవిద్యాలయాలకే పరిమితం చేశారు. 1892లో జంషెట్జీ టాటా పెట్టిన నిధి మాత్రం ప్రతిభను బట్టి విదేశీ చదువులకు అప్పుగా ఇస్తూ ఇప్పటికీ నడుస్తోంది.

అసలు ఈ చదువు అంత విలువైనదా అని అడిగే పెద్దలున్నారు. ఆటోనగర్‌లో స్పానరు పట్టి మొదలుపెట్టి పదిమందికి పని ఇచ్చినవారు ఏ ఎం.బి.ఎ. చదివారని అంటారు. అది నిజమే. కానీ ఆ కాలంలో ఆ పనికి చదువు అక్కరలేదు. ఇవాళ ధాన్యం మిల్లులో, రొయ్యల ఎగుమతి కంపెనీలో, బందరు రోల్డుగోల్డు వ్యాపారంలో లెక్కలు చూసే కుర్చీలో కూర్చోవాలంటే డిగ్రీ మీద మరో డిగ్రీ అడుగుతున్నారు. అయితే ఏ ఎం.బి.ఎ. అయినా ఉద్యోగం తెస్తుందనుకోవడం కూడా పొరపాటే. కిందటేడు ఎంతమందికి, ఏ కంపెనీలో, ఎంత జీతానికి ఉద్యోగం వచ్చిందో పేర్లతో చూపమని కాలేజీని అడగాలి. గోడ మీద ఫొటోలు కాదు, ఆర్డరు కాగితాలు చూపించాలి. చూపించలేని కాలేజీకి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు పోయడం కంటే, ఆ ఏడాది ఏదైనా పనిలో చేరి, మళ్లీ ఐసెట్ రాసి, మెరుగైన సీటు తెచ్చుకోవడం నయం. ఇది ఇళ్లలో చెప్పడం కష్టం. పక్కింటి పిల్ల చేరిపోయింది, మన పిల్ల ఏడాది ఖాళీగా ఉందంటే నలుగురూ ఏమనుకుంటారన్న బెంగ ఒకటి. ఆ బెంగే మధ్యవర్తులకు పెట్టుబడి.

ప్రభుత్వం చేయవలసిన పనుల్లో మొదటిది, ప్రైవేటు కాలేజీల పి.జి. విద్యార్థులకు, కనీసం కన్వీనరు కోటాలో ఐసెట్ మెరిట్ మీద చేరిన పేద పిల్లలకు, ఫీజు సాయం మళ్లీ పూర్తిగా అందేలా చూడటం. కాలేజీల మీద తనిఖీ వేరే పెట్టుకోవచ్చు. రెండోది ఖర్చు లేనిది. ప్రతి మూడు నెలలకూ కలెక్టరు అధ్యక్షతన బ్యాంకర్ల సమావేశం జరుగుతుంది. పంట రుణాలు ఎన్ని కోట్లిచ్చారో అందులో చదువుతారు, పేపర్లో వస్తుంది. ఏ మండలంలో ఏ శాఖకు చదువు అప్పు దరఖాస్తులు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఇచ్చారు, ఎన్ని తిప్పి పంపారు, ఏ కారణంతో తిప్పి పంపారన్నది కూడా అదే సమావేశంలో చదివించాలి. నాలుగు లక్షల లోపు అప్పుకు పొలం కాగితం అడిగిన శాఖ పేరు అక్కడే బయటపడుతుంది.

మూడోది ఇంకా చిన్న పని. బంగారం మీద గ్రాముకు ఎంత అప్పిస్తారో ప్రతి బ్యాంకు శాఖ ముందు రంగు బోర్డు పెట్టి రాస్తున్నారు. అమ్మ మెళ్లో గొలుసు ఎంత పలుకుతుందో ఊరందరికీ తెలిసింది అలాగే. చదువు అప్పుకు నాలుగు లక్షల వరకు తనఖా అక్కరలేదని, నాలుగున్నర లక్షల లోపు ఆదాయానికి చదువుకునే కాలంలో వడ్డీ కేంద్రమే కడుతుందని, తిరస్కరిస్తే ఎవరికి చెప్పుకోవాలో ఆ ఫోను నంబరుతో సహా, ఆ బోర్డు పక్కనే తెలుగులో మరో బోర్డు పెట్టించాలి. ఐసెట్ ఫలితాలు వచ్చేలోగా, కాల్వకు నీళ్లు వదిలేలోగా అది పెట్టించాలి.